శాంతి సమితుల జయాపజయములు

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు ప్రాంతము పసుపు పంటకు పేరుగాంచినది. మాఘ ఫాల్గుణ మాసములు వచ్చుసరికి సిరికొండ మొదలైన గ్రామములలో రైతులు పసుపును త్రవ్వి, ఉడికించి, కళ్ళములలో ఎండబెట్టుదురు. మెరుగుపట్టిన సరకును కాడి వేరుగను, గోళ వేరుగను సంచులకెత్తి బజారునకు చేర్చుదురు. తూకము వేయు వేళ అమ్మువానికిని కొనువానికిని మాట తేడా వచ్చుట క్రొత్త కాదు. సంచికి ఎంత తరుగు తీయవలెననియు, సరకు ఆరినదా, ఇంకను తేమగా నున్నదా యనియు వాదము పెరుగును. అట్టి వేళ ఇరువురును నమ్మదగినవాడొకడు నడుమ నిలిచి త్రాసు పట్టవలసి యుండును. అతడు సరిగా తూచినంత మాత్రమున చాలదు. ఆ తూకమును పేదరైతు వలెనే గొప్ప షావుకారును అంగీకరింపవలెను. అంగీకరింపనిచో బజారులోని నలుగురును ఒక్కటియై అతనిచే అంగీకరింపజేయవలెను. నమ్మదగిన మధ్యవర్తి, బలవంతుని విధేయత, నలుగురి ఐకమత్యము అను ఈ మూడును కుదిరిననాడే బజారులో న్యాయము నిలుచును.

రాజ్యముల నడుమ పుట్టు తగవులును ఇట్టివే. పూర్వము వానిని తీర్చుటకు స్థిరమైన సభ ఏదియు లేదు. రాజులు రాయబారులను పంపెడివారు. రాయబారము చెడినచో కత్తి తీసెడివారు. 1914లో ప్రారంభమైన ప్రథమ ప్రపంచయుద్ధము ఈ పద్ధతి యెంత ఘోరమైనదో లోకమునకు చాటినది. ఐరోపా రాజుల తగవుతో ఏ సంబంధమును లేని భారతదేశమునుండి పది లక్షలకు మించిన జనులు సముద్రములు దాటి ఆ యుద్ధమునకు పోవలసివచ్చెను. హైదరాబాదు సంస్థానపు అశ్వదళము పాలస్తీనా ఎడారుల వరకు వెళ్ళెను. పోయినవారిలో ఇంచుమించు 74 వేలమంది మరల స్వదేశమును చూడలేదు. నాలుగేండ్ల ఆ మారణహోమము ముగిసిన పిమ్మట, యుద్ధమును మాన్పించుటకు దేశములన్నియు కలిసి యొక సభను నిర్మించుకొనవలెనను తలంపు బలపడినది.

ఆ తలంపునకు ముఖ్య ప్రచారకుడు అమెరికా అధ్యక్షుడగు ఉడ్రో విల్సన్. ఆయన ప్రోత్సాహమున వెర్సేల్స్ సంధిపత్రములోనే నూతన సమితి నిబంధనలు చేర్చబడినవి. 1920 జనవరి 10వ తేదీన నానాజాతి సమితి అవతరించెను. 42 రాజ్యములు మొదటి సభ్యులు. స్విట్జర్లండు దేశమందలి జెనీవా నగరము దానికి నివాసస్థానమైనది. అన్ని సభ్యరాజ్యములును కూర్చుండు మహాసభ యొకటి, కొలదిమంది సభ్యులుగల కార్యమండలి యొకటి, నిత్యవ్యవహారములు చూచు కార్యాలయ మొకటి ఏర్పడినవి. రాజ్యముల నడుమ వ్యాజ్యములను విచారించుటకు హేగ్ నగరమున అంతర్జాతీయ న్యాయస్థానము 1922లో పని ప్రారంభించెను. తగవు వచ్చినచో సభ్యులు దానిని సమితి యెదుట పెట్టవలెను. ఆ మాట మీరి యుద్ధమునకు దిగిన రాజ్యముతో తక్కినవారు వర్తకమును మానివేయవలెను. అనగా ఊరివారు కట్టు తప్పినవానిని వెలివేసినట్లు, లోకము ఆ రాజ్యమును వెలివేయవలెనని భావము.

నిబంధనలు చక్కగానే యున్నవి. కాని పుట్టుకతోనే ఆ సమితికి కొన్ని లోపము లేర్పడినవి. తలపెట్టిన విల్సన్ యొక్క దేశమే అందు చేరలేదు. అమెరికా సెనేటు దానిని నిరాకరించెను. ముఖ్యమైన నిర్ణయములకు సభ్యులందరి ఏకగ్రీవ సమ్మతి కావలసి యుండెను. సమితికి స్వంతమగు సైన్యము లేదు. మరియు కార్యమండలిలో స్థిరస్థానములు బ్రిటన్, ఫ్రాన్సు, ఇటలీ, జపాను దేశములకు లభించినవి. ఇందు రెండు దేశములే తరువాత సమితి నియమములను ఘోరముగా ఉల్లంఘించినవి.

అయినను మొదటి పది సంవత్సరములలో సమితి సాధించిన విజయములు తక్కువవి కావు. బాల్టిక్ సముద్రమున ఆలాండ్ అను చిన్న దీవుల సమూహము కలదు. అది ఫిన్లండు ఏలుబడిలో నుండెను; కాని అందలి జనులు స్వీడిష్ భాష మాట్లాడువారు, స్వీడనులో చేరగోరినవారు. రెండు దేశముల నడుమ మనస్పర్ధలు హెచ్చినవి. 1921లో సమితి విచారించి, దీవులు ఫిన్లండుకే చెందవలెననియు, అయితే అచ్చటి ప్రజల భాషకును ఆచారములకును ఫిన్లండు పూర్తి రక్షణ నొసగవలెననియు, అచ్చట సేనలుగాని కోటలుగాని యుండరాదనియు తీర్పు చెప్పెను. స్వీడను నిరాశ చెందియు ఆ తీర్పునకు తలయొగ్గెను. వంద సంవత్సరములు దాటినను ఆ కట్టడి నేటికిని నిలిచియున్నది. తీర్పును మన్నించు మనసు ఉభయపక్షములకును ఉన్నప్పుడు సమితి ఎంత మేలు చేయగలదో ఇందువలన తెలియుచున్నది.

1925 అక్టోబరులో గ్రీసు, బల్గేరియా దేశముల సరిహద్దున ఒక కావలి సైనికుడు కాల్చబడెను. గ్రీసు సేనలు కోపించి బల్గేరియాలో ప్రవేశించినవి. బల్గేరియా తిరిగి కత్తి దూయక సమితికి మొర పెట్టుకొనెను. ఫ్రాన్సు దేశమంత్రియగు బ్రియాండ్ అప్పుడు కార్యమండలికి అధ్యక్షుడు. ఆయన యుద్ధమును వెంటనే ఆపుడని ఇరుపక్షములకు తంతిపంపి, ప్యారిస్ నగరమున మండలిని సమావేశపరచెను. కొన్ని దినములలోనే గ్రీకు సేనలు వెనుకకు మరలినవి. విచారణసంఘము సంగతి సందర్భములను పరిశీలించి, గ్రీసు 45 వేల పౌనులు నష్టపరిహారము చెల్లింపవలెనని నిర్ణయించెను. గ్రీసు చెల్లించెను. కార్చిచ్చు కాగలిగిన నిప్పురవ్వ చల్లారినది.

సార్ అను బొగ్గుగనుల ప్రాంతము పదునైదేండ్లు సమితి పాలనలో నుండినది. గడువు తీరిన పిమ్మట అది జర్మనీలో చేరవలెనా, ఫ్రాన్సులో చేరవలెనా, సమితి క్రిందనే యుండవలెనా యను ప్రశ్నకు ప్రజలే ఓటు వేసి ఉత్తరమీయవలెను. కలహములు చెలరేగునను భయమున, బ్రిటన్, ఇటలీ, స్వీడను, హాలండు దేశములనుండి సుమారు 3,300 మంది సైనికులను సమితి అచ్చటికి రప్పించెను. జయించుటకు గాక, ఓటు వేయువానికి భయము లేకుండ చేయుటకు పరదేశ సైనికులు వచ్చుట విశేషము. 1935 జనవరి 13వ తేదీన ఎన్నిక శాంతముగా జరిగెను. ప్రజలలో నూటికి తొంబదిమంది జర్మనీని కోరుకొనిరి. ఆనాడు జర్మనీ హిట్లరు చేతిలో నుండుటచే, అతనిని వ్యతిరేకించిన పలువురు ఊరు విడిచి పోవలసివచ్చెను. ఓటును కాపాడగలిగిన సమితి, ఓటు తరువాతి జీవితమును కాపాడజాలకపోయెను.

యుద్ధనివారణమే కాక సమితి చేసిన మరికొన్ని సేవలును స్మరింపదగినవి. నార్వే దేశీయుడగు నాన్సెన్ మహాశయుడు సమితి పక్షమున పనిచేసి, నాలుగు లక్షలకు పైబడిన యుద్ధఖైదీలను వారి వారి ఇండ్లకు చేర్చెను. దేశము కోల్పోయినవారికి ఆయన పేరిట గుర్తింపు పత్రము లొసగబడినవి. అంటువ్యాధుల నివారణకును, బానిసవ్యాపార నిర్మూలనమునకును కృషి జరిగెను. విద్వాంసుల సహకారమునకై ఏర్పడిన సంఘమున మేడం క్యూరీ, ఐన్‌స్టీన్ వంటి మహనీయులు సభ్యులుగా నుండిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులును 1931 మొదలు ఆ సంఘమున పాల్గొనిరి. అంతకుముందు 1928లో కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు భారత ప్రతినిధులలో నొకరుగా జెనీవాకు వెళ్ళిరి. అయితే ఒక విచిత్రము గమనింపదగినది. భారతదేశము సమితికి మొదటి సభ్యులలో నొకటియైనను, నాటికి స్వతంత్రదేశము కాదు. దాని ప్రతినిధులను ఎన్నుకొనినది ఆంగ్ల ప్రభుత్వమే. సభలో పేరు మనది, మాట పరులది.

ఇక అపజయముల సంగతి. 1923లో గ్రీసు సరిహద్దు చెంత ఇటలీ సేనాని యొకడు హత్య చేయబడెను. ఇటలీ నాయకుడగు ముస్సోలినీ గ్రీసుకు చెందిన కోర్ఫూ దీవిపై ఫిరంగులు ప్రేల్చి దానిని ఆక్రమించెను. అచ్చట తలదాచుకొనియున్న శరణార్థులు కొందరు ఆ దెబ్బకు మరణించిరి. గ్రీసు సమితికి మొరపెట్టెను. కాని ముస్సోలినీ సమితి విచారణ నొప్పుకొనలేదు. తుదకు పెద్దరాజ్యముల రాయబారుల సంఘమొకటి జోక్యము కలిగించుకొని, దెబ్బ తినిన గ్రీసుచేతనే ఐదు కోట్ల లీరాలు ఇటలీకి ఇప్పించెను. రెండు సంవత్సరముల తరువాత బల్గేరియా విషయమున ఆ గ్రీసే తప్పు చేసి పరిహారము చెల్లించినది. చిన్నరాజ్యము తప్పు చేసినపుడు దండనయు, పెద్దరాజ్యము తప్పు చేసినపుడు లాభమును కలిగినచో, త్రాసుపై నమ్మకమెట్లు నిలుచును?

1931 సెప్టెంబరులో జపాను సేనలు చైనాలోని మంచూరియాపై దాడి వెడలినవి. చైనా మొరపెట్టుకొనగా సమితి లిట్టన్ ప్రభువు నాయకత్వమున విచారణసంఘమును పంపెను. ఆ సంఘము దూరదేశమునకు పోయి, విచారించి, నివేదిక ప్రకటించునప్పటికి సంవత్సరము గడచినది. ఈలోపల జపాను అచ్చట క్రొత్త రాజ్యమునే నెలకొల్పెను. 1933 ఫిబ్రవరి 24వ తేదీన మహాసభ నివేదికను 42 ఓట్లతో అంగీకరించెను. వ్యతిరేకముగా వచ్చిన ఓటు ఒక్కటి, అది జపానుదే. ఆ దేశపు ప్రతినిధివర్గము లేచి సభను విడిచిపోయెను. పిమ్మట జపాను సమితినే విడిచెను. మంచూరియా మాత్రము విడువలేదు. తీర్పు న్యాయమైనదే, దానిని అమలుపరచు చేయి లేకపోయెను.

అన్నిటికంటె దుఃఖకరమైన కథ ఇథియోపియాది. 1935 అక్టోబరు 3వ తేదీన ముస్సోలినీ సేనలు ఆ ఆఫ్రికా దేశముపై విరుచుకుపడినవి. ఈసారి సమితి వెనుదీయక, ఇటలీని దోషిగా ప్రకటించి వర్తక బహిష్కారమును విధించెను. ఇంచుమించు ఏబది రాజ్యములు అందు పాల్గొనినవి. కాని యుద్ధరథములకు ప్రాణమైన పెట్రోలియము ఆ నిషేధములో చేరలేదు. ఇటలీ నావలకు దారియగు సూయజు కాలువయు మూయబడలేదు. వెలివేసినవాని ఇంటికి నిప్పును నీళ్ళును యథాప్రకారము అందుచునే యున్నవి! విషవాయువులకు బలియై ఇథియోపియా ప్రజలు నశించిరి. 1936 మే నెలలో రాజధాని శత్రువశమయ్యెను. జూన్ 30వ తేదీన ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ స్వయముగా జెనీవాకు వచ్చి మహాసభలో నిలిచి తన ప్రజల గోడు వినిపించెను. సభ వినెను, కొలది దినములకే ఇటలీపై నిషేధమును ఎత్తివేసెను. ఆనాటినుండి సమితి మాటకు విలువ పోయెను. 1939లో ద్వితీయ ప్రపంచయుద్ధము సంభవించెను. 1946 ఏప్రిలులో నానాజాతి సమితి తన్ను తాను రద్దుచేసికొనెను.

సమితి చెడినను దాని నేర్పిన పాఠము చెడలేదు. 1945 జూన్ 26వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఏబది దేశములు ఐక్యరాజ్యసమితి శాసనపత్రముపై సంతకములు చేసినవి. భారతదేశము పక్షమున ఆర్కాటు రామస్వామి మొదలియారుగారు సంతకము చేసిరి. అమెరికా, రష్యా రెండును ఈసారి సభ్యులైనవి. శాంతిభంగమును విచారించుటకు భద్రతామండలి ఏర్పడెను. ఏకగ్రీవ నియమము తొలగినది. కాని ఐదు పెద్దరాజ్యములకు మాత్రము ఏ తీర్మానమునైనను అడ్డగించు నిషేధాధికారము దక్కినది. శాసనపత్రమునందలి రెండవ అధికరణములో, ఒక దేశపు ఆంతరంగిక వ్యవహారములలో సమితి కలుగజేసికొనరాదను నియమము చేర్చబడినది. నాలుగేండ్లు తిరుగకమునుపే ఈ నియమము చుట్టును జరిగిన వాదములో తెలుగుదేశపు ప్రజల భవిష్యత్తే ఇరుక్కొనెను.

1947 ఆగస్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమైనది. కాని సిరికొండ, ఆర్మూరు, నిజామాబాదు మొదలుకొని మరాఠ్వాడ, కన్నడ ప్రాంతముల వరకు వ్యాపించిన 16 జిల్లాల హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరలేదు. ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ తాను స్వతంత్ర ప్రభువునని తలచెను. నవంబరు 29వ తేదీన ఉభయ ప్రభుత్వముల నడుమ ఒక సంవత్సరమునకు యథాతథ ఒడంబడిక జరిగెను. అది నిలువలేదు. ఒడంబడికను మీరితివని యొకరినొకరు నిందించుకొనిరి. మందులు మొదలగు సరకులు రానీయక సరిహద్దులు మూసి భారతదేశము తమ్ము బాధించుచున్నదని నిజాము ప్రభుత్వము. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు ప్రజలను హింసించుచుండగా ఆ ప్రభుత్వము వారిని అదుపు చేయుట లేదని భారతదేశము.

ప్రజాపాలన కోరిన వేలమంది చెరసాలల పాలైరి. దాశరథి కృష్ణమాచార్యులవారును, వట్టికోట ఆళ్వారుస్వామిగారును ఇందూరనబడు నిజామాబాదులోని కోట చెరలోనే యుండిరి. కలము కాగితములు దొరకని ఆ చెరలో దాశరథి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి.

1948 ఆగస్టు 21వ తేదీన నిజాము ప్రభుత్వము భద్రతామండలికి తంతిద్వారా ఫిర్యాదు పంపెను. భారతదేశము తమ్ము బెదరించుచున్నదనియు, శాంతికి భంగము కలుగనున్నదనియు దాని సారాంశము. ఆరు దినముల తరువాత, ఆగస్టు 27వ తేదీన, నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి గ్రామముపై రజాకారులును సంస్థాన సైనికులును పడి పెక్కుమందిని చంపిరి. ఫిర్యాదుపత్రము మండలి కార్యాలయమునకు చేరినది. బైరాన్‌పల్లి ఆర్తనాదము చేరలేదు. ఏలయన, ఆ మండలికి మొర పెట్టుకొనదగినవి ప్రభుత్వములే గాని గ్రామములు కావు.

సెప్టెంబరు 13వ తేదీన భారత సేనలు సంస్థానమున ప్రవేశించెను. దీనినే పోలీసు చర్య యందురు. 16వ తేదీన భద్రతామండలి ప్యారిస్ నగరమున సమావేశమయ్యెను. హైదరాబాదు విషయమును చర్చకు స్వీకరింపవలెనా యని ఓటు తీసికొనగా, ఎనిమిదిమంది అంగీకరించిరి; ముగ్గురు తటస్థులైరి. హైదరాబాదు పక్షమున నవాబ్ మోయిన్ నవాజ్ జంగ్ మాట్లాడెను. స్వతంత్ర రాజ్యముపై బలప్రయోగము జరుగుచున్నదనియు, మండలి వెంటనే ఆపవలెననియు ఆయన వాదము. భారతదేశము పక్షమున నిలిచినవారు శాసనపత్రముపై సంతకము చేసిన రామస్వామి మొదలియారుగారే. హైదరాబాదు ఎన్నడును స్వతంత్ర రాజ్యము కాదనియు, ఇది ఆంతరంగిక వ్యవహారమనియు, మండలికి విచారణాధికారమే లేదనియు ఆయన ప్రతివాదము. ఆ సంవత్సరారంభముననే కాశ్మీరు విషయమున భారతదేశమే స్వయముగా ఇదే మండలి తలుపు తట్టియుండుట గమనింపదగినది.

ప్యారిస్‌లో అధికారానధికార విచారణ సాగుచుండగనే హైదరాబాదులో పని ముగిసెను. 17వ తేదీ సాయంకాలము నిజాము రేడియోలో పోరాటము మానినట్లు ప్రకటించెను. 18వ తేదీన సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌదరి యెదుట లొంగిపోయెను. 22వ తేదీన నిజాము ఫిర్యాదును ఉపసంహరించుకొన్నట్లు సమితికి తంతిపంపెను. ఆ ఉపసంహరణ స్వేచ్ఛగా చేసినదా, నిర్బంధమున చేసినదా యను వాదము మండలిలో లేచినది. 1949 మే నెలలో పాకిస్థాను ప్రతినిధియు తన అభిప్రాయమును వినిపించెను. అటుపై చర్చ సాగలేదు. మండలి తీర్పు చెప్పనూలేదు, ఫిర్యాదును కొట్టివేయనూలేదు. ఆ విషయము జాబితాలో చాలకాలము ఊరకే పడియుండెను.

దీనిని మండలి జయమందుమా, అపజయమందుమా? తెలంగాణ ప్రజలలో పెక్కుమంది ఆ సెప్టెంబరును విముక్తిగా భావించిరి. చెరసాలల తలుపులు తెరువబడినవి. 1952లో ప్రజలు మొదటిసారి వయోజన ఓటుహక్కుతో తమ ప్రతినిధుల నెన్నుకొనిరి. అయితే అదే కథకు మరియొక ముఖము కలదు. పోలీసు చర్య ముగిసిన తరువాతి దినములలో, ముఖ్యముగా మరాఠ్వాడ, కన్నడ జిల్లాలలో, రజాకారులతో ఏ సంబంధమును లేని ముస్లిం కుటుంబములు ప్రతీకారమునకు బలియైనవి. భారత ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము గ్రామగ్రామము తిరిగి విచారించి, మృతుల సంఖ్య 27 వేలకును 40 వేలకును నడుమ నుండునని అంచనా వేసెను. ఆ నివేదిక అనేక దశాబ్దములు వెలుగు చూడలేదు. ఆగస్టులో బైరాన్‌పల్లి రైతును కాపాడుటకుగాని, సెప్టెంబరులో ఆ నిరపరాధులను కాపాడుటకుగాని అచ్చట ఏ అంతర్జాతీయ సాక్షియు లేడు. ప్యారిస్‌లో తూచబడినది ప్రభువుల అధికారము. ఎవరి బ్రదుకు తూకమునకు వచ్చినదో ఆ ప్రజలు త్రాసు దగ్గర లేరు. పసుపు రైతు లేకుండనే అతని సరకును తూచి, ధర వ్రాసికొనినట్లున్నది ఈ వ్యవహారము.

నిజాము రేడియోలో మాట్లాడిన ఆ సెప్టెంబరు 17వ తేదీననే జెరూసలేము నగరమున మరియొక ఘోరము జరిగెను. పాలస్తీనా కలహమును తీర్చుటకు ఐక్యరాజ్యసమితి పంపిన మధ్యవర్తి, స్వీడను దేశీయుడగు కౌంట్ బెర్నడాట్ దారిలో కాల్చి చంపబడెను. ఆయనకు తోడుగా సమితి పంపిన పరిశీలకులు ఆయుధము లేనివారు. వారు యుద్ధవిరామరేఖపై నిలిచి, ఎవరు మాట తప్పిరో కన్నులార చూచి తెలుపుటే వారి పని. మధ్యవర్తి మరణించినను పరిశీలకులు మరలిపోలేదు. 1949 నుండి అట్టివారే కాశ్మీరు విరామరేఖ చెంతను నిలిచిరి. చూచువాడొకడున్నాడను జంకు కూడ కొన్నివేళల తుపాకిని ఆపగలదు.

1956లో సూయజు కాలువ విషయమున యుద్ధము సంభవించినపుడు, సమితి మరియొక అడుగు ముందుకు వేసెను. కెనడా మంత్రి పియర్సన్ సూచనపై, పలుదేశముల సైనికులతో అత్యవసర దళము నిర్మింపబడి, పోరు పక్షముల నడుమ నిలిచెను. భారత సైనికులును అందు పాల్గొనిరి. పదేండ్లకు పైగా అచ్చట శాంతి నిలిచినది. కాని ఆ దళము ఈజిప్టు సమ్మతితో నిలిచినదే. 1967 మే నెలలో ఈజిప్టు పొమ్మనగా దళము మరలవలసివచ్చెను. మరుసటి మాసముననే యుద్ధము మరల చెలరేగెను. ప్రయాణసన్నాహమున నున్న భారతసైనికులు కొందరు ఆ కాల్పులలో ప్రాణములు కోల్పోయిరి. నాటినుండి నేటివరకు సమితి పంపిన శాంతిదళములలో రెండు లక్షలకు మించిన భారతీయులు సేవచేసిరి. 2007లో కేవలము స్త్రీలతో కూడిన భారత పోలీసు దళము లైబీరియా దేశమునకు వెళ్ళి ఊరికి కావలి కాచెను.

ఈ చరిత్రనంతయు పరికించినచో ఒక సంగతి స్పష్టమగుచున్నది. ఆలాండ్ దీవుల విషయమున ఉభయులును తీర్పును మన్నించిరి. బల్గేరియా విషయమున పెద్దరాజ్యము లన్నియు ఏకమై నిలిచినవి. సార్ ప్రాంతమున సామాన్యుని ఓటుకు రక్షణ దొరకినది. ఇవి జయములు. కోర్ఫూలో బలవంతునికి వేరు న్యాయము జరిగెను. మంచూరియాలో తీర్పు ఆలస్యమయ్యెను. ఇథియోపియా విషయమున నలుగురును సగము మనసుతో కలిసిరి. హైదరాబాదు విషయమున ప్రజల గొంతుకకు సభలో తావు లేకపోయెను. ఇవి అపజయములు. సమితి యనునది వేరుగా ఒక దేవత కాదు. సభ్యుల సంకల్పము ఎంతయో దాని బలమంతయే.

కొందరు ఈ అపజయములను చూపి, ఇట్టి సభలు నిరర్థకములందురు. త్రాసు ఒకనాడు తప్పు చూపినదని బజారులో త్రాసులన్నియు పారవేయుదురా? అట్లు పారవేసిననాడు బలవంతుని చేతి అంచనాయే తూకమగును, నష్టపోవువాడు చిన్నరైతే. లోకమునందును అంతే. పెద్దరాజ్యములకు సేనలున్నవి; సమితి అవసరము చిన్నరాజ్యములకును, ఏ రాజ్యము చేతను పలుకబడని సామాన్యులకును ఎక్కువ. కావున త్రాసును సరిదిద్దుకొనవలెను. దానిని పట్టు చేయి నిష్పక్షపాతముగా నుండునట్లు చూడవలెను. తూకము వేళ సరకు గలవాడు దగ్గర నిలుచునట్లు దారి కల్పింపవలెను. ఆ పని 1920లో ప్రారంభమైనది. నేటికిని ముగియలేదు.